జాబితాలో లేని నలభై రెండోది

రిజర్వాయరు, గేట్ల గది
మంగళవారం

వదినా,

"మీరు" అని మొదలుపెట్టి రెండు కాగితాలు చించేశాను. ఇక నావల్ల కాదు, నువ్వు అనే రాస్తున్నాను. నాలుగేళ్లుగా బతికున్నావా అని అడగని ఆడపడుచు ఇవాళ ఉత్తరం రాసిందంటే ఏదో పని పడే రాసిందని అనుకుంటావు. అనుకో. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అంటారు కదా, ఇప్పుడు నేను కాళ్ల దగ్గరున్నాను.

నువ్వూ అన్నయ్యా విడిపోయినప్పుడు నేను అన్నయ్య వైపు నిలబడ్డాను. ఆ గొడవ ఇప్పుడు ఎత్తను. ఎత్తితే ఈ కాగితం దానికే సరిపోతుంది.

పదకొండేళ్ల కిందట ఈ గదిలో కూర్చుని, గేట్లు లేపే ఈ పెట్టెకి కెర్నెల్ కట్టింది నువ్వే. గోడ మీద నీ పెన్సిలు లెక్కలు ఇంకా చెరగలేదు. ఇప్పుడు నీ కుర్చీలో నేనున్నాను. గేట్ల ఎత్తు చదివే కార్డు పోయిన వానల్లో కాలిపోయింది. కొత్త కార్డు తెప్పించారు గానీ దాన్ని పలకరించడం పాత కెర్నెల్‌కి రాదు. కాబట్టి మొత్తం సోర్సు నుంచి మళ్లీ కంపైల్ చెయ్యాలి. అసలు కెర్నెల్ అంటే ఏమిటని ఇక్కడి గేటు మేస్త్రిగారు అడిగారు. యంత్రానికీ ప్రోగ్రాములకీ మధ్య నిలబడి ఎవరి వంతు ఎప్పుడో చెప్పేది అన్నాను. "అంటే మేస్త్రి అన్నమాట" అన్నారు. నేను ఒక పూట కష్టపడి వివరిస్తే ఆయన రెండు మాటల్లో తేల్చేశారు.

ఇక్కడి రూలు నీకు తెలుసు. రాసిందే నువ్వంటున్నారు. బయట వండింది లోపలికి రాకూడదు. దినుసులు, అంటే సోర్సులు, మాత్రమే రావాలి, కంపైల్ అనే వంట ఈ గదిలోనే జరగాలి. నెట్ లేదు. ఫోను సిగ్నలు లేదు. వరద కబుర్లకి ఒక వైర్‌లెస్ సెట్టు ఉంది, దాన్ని ముట్టుకోనివ్వరు. సోమవారం, గురువారం జీపు వస్తుంది. ఆఫీసు వాళ్లు పరీక్షించి సీలు వేసిన డిస్కులూ, ఉత్తరాలూ అందులోనే.

నువ్వు వదిలి వెళ్లిన జాబితాలో నలభై ఒక్క పేర్లున్నాయి. కెర్నెల్ కట్టడానికి ముందు ఈ నలభై ఒక్కటీ ఈ కంప్యూటర్లో ఉండాలి. కింద నీ సంతకం, "ఇంతకు మించి ఏదీ అక్కర్లేదు" అని. ఆఫీసు బీరువాలో వాటిలో సగం కూడా లేవు. నీ దగ్గర పాత సోర్సులుంటాయని అందరూ నీ పేరే చెప్తున్నారు. ఆఫీసు మీ వీధి చివరే కాబట్టి అక్కడ ఇస్తే చాలు.

వానలకి ఎనిమిది వారాలుంది. పోయినసారి కార్డు కాలిపోయాక గేట్లు చేత్తో తిప్పి లేపారు. నాలుగో గేటు హ్యాండిల్ వెనక్కి తన్ని మేస్త్రిగారి ఎడమ మణికట్టు విరిగింది. అతుక్కుంది గానీ పిడికిలి బిగియదు. కెర్నెల్ తయారవకపోతే ఈసారి కూడా తిప్పేది ఆయనే. ఆ గేటు ఒడుపు ఇంకెవరికీ తెలీదు. ఆయనకి ఇంకా ఏడాది సర్వీసుంది. ఆ ఏడాదీ ఉన్న చేత్తో గడిచిపోవాలని నా ఆశ.

నీ
ఆడపడుచు


ఇల్లు, రెండో అంతస్తు
శనివారం

పిడుగూ,

నీకు పదేళ్లప్పుడు నేను పెట్టిన పేరు. ఇంకా పనికొస్తుంది.

కాళ్ల దగ్గరున్నానని రాశావు గానీ ఉత్తరంలో నాలుగు చోట్ల జుట్టే పట్టుకున్నావు. ఆడబిడ్డ అర్ధమొగుడు అన్నారు. అసలువాడితో తెగిపోయినా ఈ సగం నాకు మిగిలినట్టుంది.

పాత సోర్సులున్నాయి. మంచం కింద అట్టపెట్టెలో ఉన్న మూడు డిస్కులూ ఆఫీసులో ఇచ్చాను. పరీక్షించే కుర్రాడు నన్ను చూసి లేచి నిలబడ్డాడు, నేను నిజంగానే ముసలిదాన్నయ్యానన్నమాట. ఒక్కటి గుర్తుపెట్టుకో. పేరు పక్కన రాసిన వెర్షన్నే వాడు. కొత్తది మంచిదనుకోకు. మన కెర్నెల్ పాతది. కొత్త కంపైలర్ దాన్ని చూడగానే ముక్కు విరుస్తుంది, లైను లైనుకీ తప్పు పడుతుంది. కంప్యూటర్ల లోకంలో కూడా పాతవాళ్లకి పాతవాళ్లతోనే పొసుగుతుంది.

నేనిప్పుడు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్తున్నాను. శనివారం తప్ప తీరిక లేదు. కాబట్టి అడిగేది ఏదైనా గుంపుగా అడుగు, చిల్లరగా అడక్కు. మీ అన్నయ్య గురించి ఒక్క ముక్క కూడా రాయకు. ఆ మేస్త్రి నా తర్వాత వచ్చినవాడై ఉండాలి, నాకు తెలీదు.

వదిన


గేట్ల గది
బుధవారం

వదినా,

తలప్రాణం తోకకొచ్చింది.

కంపైల్ మొదలుపెట్టగానే నీ జాబితాలోని ఫ్లెక్స్ అనే ప్రోగ్రాం లేదంది. సరే, నీ డిస్కులోంచి తీసి కట్టబోయాను. ఎమ్-ఫోర్ లేందే కదలనంది. దాన్ని పక్కనపెట్టి బైసన్ దగ్గరికి వెళ్లాను. ఇద్దరూ ముందే కూడబలుక్కున్నట్టు అదీ ఎమ్-ఫోరే అడిగింది. ఎమ్-ఫోర్ నీ జాబితాలో ఉంది, డిస్కులో లేదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని! ఒక్క చిన్న ప్రోగ్రాం కోసం మళ్లీ జీపు వచ్చేదాకా నేను గోడ చూస్తూ కూర్చోవాలి.

ఊరికే కూర్చోలేక మిగతావి ఒక్కొక్కటీ కదిపి చూశాను. పెర్ల్ వెర్షన్ తేడా. ఒక కోడ్ లైబ్రరీ కట్టబోతే ఇంకో లైబ్రరీ హెడర్ ఫైళ్లు అడిగింది, అవి ఉన్న ఫోల్డరు సగం చెడిపోయింది. బీసీ అని కూడికలూ తీసివేతలూ చేసే బుల్లి ప్రోగ్రాం ఒకటుంది చూడు, అదీ లేదు. ఇంత పెద్ద కంప్యూటరుకి, ఇన్ని గేట్లు లేపే కెర్నెల్‌ని కట్టేదానికి, లెక్క చెయ్యడానికి ఇంకొకరి సాయం కావాలట.

అన్నిటికంటే ఒళ్లు మండేది ఏమిటంటే, ఉన్నవి లేనివి అన్నీ ఒకేసారి చెప్పదు. ఒకటి తెచ్చిపెడితే గానీ తరవాతిది లేదని నోరు విప్పదు. నువ్వేమో గుంపుగా అడగమన్నావు. నాకు తెలిస్తే కదా అడగడానికి?

రోజూ మధ్యాహ్నం మేస్త్రిగారు టీ గ్లాసుతో గుమ్మం దగ్గర నిలబడి "ఇవాళ ఎవరు అలిగారు కంప్యూటరమ్మా?" అని అడుగుతారు. పేరు చెప్తాను. పెళ్లికి రాని చుట్టాన్ని తిట్టినట్టు దాన్ని ఆయన కూడా కాసేపు తిడతారు. నాకు కాస్త హాయిగా ఉంటుంది.

అడిగినవీ అడగనివీ, నీ ఇంట్లో ఉన్నవన్నీ పంపించు.

పిడుగు


ఇల్లు
శనివారం

పిడుగూ,

ఎమ్-ఫోర్ పెట్టలేదన్నావు. పెట్టాను. రెండో డిస్కులో "పాతవి" అనే ఫోల్డరులో ఉంది. నువ్వే సరిగ్గా చూడలేదు. అయినా మళ్లీ పెడుతున్నాను. ఇంట్లో ఉన్నవన్నీ పంపమన్నావు కాబట్టి నాలుగు డిస్కులిచ్చాను, ఆఫీసు వాళ్లు గొణుక్కుంటూ సీలు వేశారు.

కనిపించిందల్లా కట్టుకుంటూ పోకు. ముందు ఒక పెద్ద కాగితం తీసుకో. నలభై ఒక్క పేర్లూ రాయి. ఎవరికి ఎవరు కావాలో గీతలు గియ్యి. ఎవరి సాయమూ అక్కర్లేనివి ఐదో ఆరో తేలతాయి. వాటితో మొదలుపెట్టు. తరవాత వాటితోనే సరిపెట్టుకునేవి. అలా పైకి రావాలి. గీతలు గుండ్రంగా తిరిగి మొదటికే వస్తే నాకు రాయి, దాన్ని తెంపే దారి చెప్తాను.

తిట్టుకుంటూ చేస్తే వేళ్లు తప్పుతాయి. నేను ఆ గదిలో రెండు కీబోర్డులు విరగ్గొట్టాను, నాకు తెలుసు.

వదిన


గేట్ల గది
బుధవారం

వదినా,

కట్టేశాను!

నీ గీతల కాగితం గోడంతా పట్టింది. ఎమ్-ఫోర్ "పాతవి"లో కూడా లేదు వదినా, నేను మళ్లీ వెతికాను. సరే పోనీ. మంగళవారం మధ్యాహ్నం మూడింటికి కెర్నెల్ ఒక్క తప్పు లేకుండా బయటికొచ్చింది. మేస్త్రిగారిని పిలుచుకొచ్చి చూపించాను. "ఇదేనా?" అన్నారు. తెర మీద ఒక ఫైలు పేరు తప్ప ఏముంటుంది. అయినా ఇద్దరం ఇంకో టీ తాగాం.

అక్కడితో సంతోషం సరి. గేట్ల పెట్టెలో ఎక్కించబోతే "చెల్లని ఫైలు" అంది. మళ్లీ ఎక్కించాను. చెల్లదంది. కొత్త కార్డు కోసం చేర్చిన డ్రైవరు ప్రోగ్రాం తీసేసి, అచ్చంగా నీ పాత సోర్సే కట్టి ఎక్కించాను. అదీ చెల్లదంది.

అప్పుడు నీ పాత కెర్నెల్ ఫైలునీ నాదాన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. నీ ఫైలుకి మొదట్లో అరవై నాలుగు బైట్లు ఎక్కువున్నాయి. కంపైల్ అయిపోయాక ఎవరో ఒక తల తెచ్చి తగిలించినట్టు. ఆ తలని కోసి నా ఫైలుకి అతికించాను, ఒప్పుకోలేదు. లోపల ఏదో లెక్క ఉంది, ఫైలు మారితే ఆ లెక్కా మారాలి. నీ జాబితాలో ఆ పని చేసే ప్రోగ్రాం ఒక్కటీ లేదు. నలభై ఒక్కటీ మూడుసార్లు చూశాను.

వదినా, జాబితాలో రాయనిది ఏమైనా ఉందా? పదకొండేళ్లు కదా, మర్చిపోయి ఉండొచ్చు. నిదానంగా గుర్తు తెచ్చుకుని రాయి. వానలకి ఐదు వారాలే.

పిడుగు


ఇల్లు
శనివారం

పిడుగూ,

జాబితా కింద నా సంతకం ఉంది. కావలసినవన్నీ అందులో ఉన్నాయి. రాయనిది ఏదీ లేదు.

నీ దగ్గరున్న కంపైలర్ వెర్షన్లో చివరి అంకె వేరై ఉండాలి. ఫైలు తయారయ్యే తీరు దాన్ని బట్టి ఉంటుంది. అదే వెర్షన్ కంపైలర్‌ని ముందు సోర్సు నుంచి కట్టు. దానికి మూడు లెక్కల లైబ్రరీలు కావాలి, పంపుతున్నాను. కంపైలర్ తనని తాను మూడుసార్లు కట్టుకుంటుంది, ఆ కంప్యూటరు మీద రెండు రోజులు పడుతుంది. మధ్యలో ఆపకు. దాంతో ఆ నలభై ఒక్కటీ మళ్లీ కట్టి, ఆ తరవాత కెర్నెల్ కట్టు.

వేళకి తిను. మేస్త్రి చెయ్యి ఎలా ఉంది?

వదిన


గేట్ల గది
బుధవారం

వదినా,

మూడు వారాలు ఉత్తరం రాయలేదు. రాయడానికి ఏమీ లేక.

కంపైలర్ మొదటిసారి ముప్పయ్యో గంటలో కరెంటు పోయి ఆగిపోయింది. రెండోసారి చివరి మెట్టు మీద తప్పు చూపించింది. లెక్కల లైబ్రరీల్లో ఒకటి ఇంకో దాని కంటే కొత్తదట. దాన్ని మార్చి మూడోసారి కట్టాను, అయింది. ఆ కంపైలర్‌తో నలభై ఒక్కటీ మళ్లీ కట్టాను. కెర్నెల్ కట్టాను. చెల్లదంది. వరస మార్చి కట్టాను, చెల్లదంది. సెట్టింగులు ఒక్కొక్కటీ మార్చి కట్టాను. లెక్కపెట్టడం ముప్పై ఒకటి దగ్గర మానేశాను. కొండని తవ్వి ఎలుకని పట్టిన వాళ్లని చూసి నవ్వుతారు గానీ, వాళ్లకి ఎలుకైనా దొరికింది.

సోమవారం ఆఫీసరు జీపులో వచ్చాడు. ఎందుకవ్వలేదని అడిగాడు. జాబితాలో లోపమా అన్నాడు. నీ సంతకం చూపించి, జాబితా సరిగ్గానే ఉంది, కట్టడం నాకే చేతకావట్లేదు అని చెప్పాను. అలాగే రాసిమ్మన్నాడు. రాసిచ్చాను. వానలయ్యాక నా స్థానంలో ఇంకొకరిని పంపుతారట.

మేస్త్రిగారు హ్యాండిల్‌కి గ్రీజు పెట్టిస్తున్నారు. ఈసారి నేనూ తిప్పుతానని పట్టుకున్నాను. ఒక్క చుట్టు కూడా తిరగలేదు. ఆయన నవ్వి, "మొదటి వానకి నీది అయిపోతుందిలే, నాకు నమ్మకముంది" అన్నారు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. నువ్వు ఈ గదిలో, ఈ కుర్చీలో కట్టిందే నేను కట్టలేకపోతున్నాను. అన్నీ చేతికిచ్చినా కట్టలేకపోతున్నాను. నాకీ పని రాదేమో వదినా. ఇన్నాళ్లూ వచ్చని అందరినీ నమ్మించానేమో.

ఇంకేమీ అడగడానికి లేదు.

పిడుగు


ఇల్లు
శనివారం

పిడుగూ,

నలభై రెండోది ఉంది.

పదకొండేళ్ల కిందట ఆ పెట్టె నా ఫైలుని కూడా చెల్లదనే అంది. తనిఖీకి మూడు రోజులుంది. ఇంటికొచ్చి స్టవ్ ముందు నిలబడి ఏడ్చాను. మీ అన్నయ్య సంగతేమిటని అడిగి, పెట్టెతో వచ్చిన పుస్తకం ఆ సాయంత్రమంతా చదివి, ఒక చిన్న ప్రోగ్రాం రాసిచ్చాడు. ఫైలుకి తల తగిలిస్తుంది, లెక్క వేసి అందులో పెడుతుంది. అంతే దాని పని. దాన్ని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, ఏ గేటు దగ్గర కాపలావాడికి నేనే రూలు నేర్పానో ఆ గేటు దాటుకుని లోపలికి తెచ్చాను. బయట వండింది లోపలికి రాకూడదని రూలు రాసిన నేనే బయట వండింది తెచ్చాను. జాబితాలో రాస్తే దొరికిపోతాను. అందుకని రాయలేదు. పని అవగానే అక్కడ చెరిపేశాను. సంతకం పెట్టాను.

ఇంట్లో కంప్యూటర్లో ఒక కాపీ ఉండేది. మీ అన్నయ్య వెళ్లిపోయిన రోజు, అతని పేరున్న ప్రతి ఫైలూ వెతికి వెతికి చెరిపాను. ఒక పూట పట్టింది. అదీ అందులోనే పోయింది. పోతోందని అప్పుడే తెలుసు.

నీ మొదటి ఉత్తరం చదివినప్పుడే నాకు గుర్తుంది. మర్చిపోలేదు. జాబితాలో రాయనిది ఉందా అని నువ్వు సూటిగా అడిగితే లేదని రాశాను. కంపైలర్ మార్చినా కుదరదని నాకు తెలుసు. నిన్ను మూడు వారాలు ఊరికే తిప్పాను. ఈలోగా నువ్వే వేరే దారి కనిపెడతావనీ, నేను నోరు విప్పకుండానే గట్టెక్కుతాననీ ఆశపడ్డాను. తప్పు నాదనడం నా నాలుకకి అలవాటు లేదు. పైగా చెప్తే మీ అన్నయ్యకి ఫోను చేసి అడుక్కోవాలి. దానికంటే నీ ముప్పై ఒక్క కంపైళ్లు నాకు తేలికనిపించాయి. సిగ్గుగా ఉంది, కానీ నిజం అదే.

నీకు పని రాదని రాశావు చూడు, అది చదివాక ఇక దాచలేకపోయాను. నీకు పని వచ్చు. ఆ అరవై నాలుగు బైట్లూ నువ్వు ఒక్క రోజులో పట్టుకున్నావు.

రేపు మీ అన్నయ్యకి ఫోను చేస్తాను. మంగళవారం ఆఫీసుకి వెళ్లి ఇదంతా నా చేత్తో రాసిస్తాను.

వదిన


గేట్ల గది
సోమవారం, జీపు వెళ్లిపోయాక

వదినా,

నువ్వు ఆ ఉత్తరం రాసిన శనివారమే వాన వచ్చింది. రెండు వారాల ముందే వచ్చింది. పొద్దున పదింటికి మొదలై సాయంత్రానికి నీళ్లు గుర్తు దాటాయి. నాలుగో గేటు లేపాలని వైర్‌లెస్‌లో చెప్పారు. మీట నొక్కితే పెట్టె పలకదు.

మేస్త్రిగారూ ఇంకొకాయనా కలిసి తిప్పారు. ఎడమచెయ్యి పట్టు లేదు కాబట్టి బరువంతా కుడిచేతి మీద వేసుకున్నారు. గేటు మూడొంతులు లేచాక హ్యాండిల్ వెనక్కి తన్నింది. ముంజేయి రెండు చోట్ల విరిగింది. అయినా గేటు దిగకుండా అడ్డు పెట్టించిన తరవాతే ఆయన కింద కూర్చున్నారు. దారి మీద నీళ్లుండి ఇవాళ్టిదాకా జీపు రాలేదు. రెండు రోజులు రెండు చెక్కముక్కలు కట్టి, ఉన్న మాత్రలతో నెట్టుకొచ్చాం. ఆయన అరవలేదు. నేను అడిగినప్పుడల్లా "పర్లేదు" అన్నారు.

నీ ఉత్తరం తెచ్చిన జీపులోనే ఆయన్ని పంపించాను. ఎక్కించాక డ్రైవరు కవరు చేతిలో పెట్టాడు. అక్కడే నిలబడి చదివాను.

నేను అడిగాను వదినా. మర్చిపోయావేమో అని నీకు సాకు కూడా నేనే అందించి మరీ అడిగాను. నువ్వు లేదన్నావు. పైగా చెయ్యి ఎలా ఉందని అడిగావు. అప్పుడు బాగానే ఉంది. ఆ మూడు వారాల్లో ఏ సోమవారం చెప్పినా బాగానే ఉండేది. నువ్వు అన్నయ్యకి ఒక్క ఫోను చెయ్యడానికి మొహమాటపడ్డావు, దానికి ఆయన రెండో చెయ్యి పోయింది. నాకు పని వచ్చని రాసి నన్ను బుజ్జగించకు. నాకిప్పుడు అది వద్దు.

ఆ ప్రోగ్రాం కావాలి. ఇంకా రెండు నెలలు వానలే. గురువారం జీపులో రావాలి.


ఇల్లు
మంగళవారం

ఆఫీసులోనే తెలిసింది. నేను రాసుకెళ్లిన కాగితం ఆఫీసరు చదువుతూ, నిన్న ఎవరిని తీసుకొచ్చారో చెప్పాడు. కాగితం పక్కనపెట్టి నన్ను కూర్చోమని కూడా అనలేదు. నా మీద రిపోర్టు రాస్తానన్నాడు. రాయమన్నాను. నీ చేత రాయించుకున్న కాగితం నా ముందే చించించాను.

ఆదివారం మీ అన్నయ్యకి ఫోను చేశాను. ఆ ఫైలు నీ దగ్గరే ఉందిగా అన్నాడు. చెరిపేశానని చెప్పాను. తల ఎన్ని బైట్లని అడిగాడు. తరవాత, "సాయంత్రానికి పంపిస్తాను" అన్నాడు. గుర్తున్నదాన్ని బట్టి మళ్లీ రాశాడు. అరవై లైన్లు. సోర్సే పంపుతున్నాను, ఈసారి పరీక్ష చేయించి సీలు వేయించాను. నువ్వే అక్కడ కంపైల్ చెయ్యి. దానికి కంపైలర్ తప్ప ఏదీ అక్కర్లేదు.

ఆసుపత్రి ఇక్కడికి రెండు వీధుల అవతలే. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను.

వదిన


గేట్ల గది
గురువారం

వదినా,

నా సోమవారం ఉత్తరం ఈ జీపులోనే వస్తోంది, దీంతో పాటే చదువుతావు. అందులో రాసిన దాంట్లో ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోను.

అరవై లైన్లూ కంపైల్ అవడానికి రెప్పపాటు పట్టింది. కెర్నెల్‌కి తల తగిలించాను. పెట్టె ఒప్పుకుంది. కొత్త కార్డు ఎత్తు చదివింది. మధ్యాహ్నం మీట నొక్కాను, నాలుగో గేటు దానంతటదే లేచింది, పదకొండు నిమిషాలు పట్టింది. చూడటానికి పక్కన ఎవరూ లేరు. ముప్పై ఒక్కసార్లు ఎదురుచూసిన రోజు ఇలా ఉంటుందనుకోలేదు. జీపువాడు హారన్ కొడుతున్నాడు, త్వరగా రాస్తున్నాను.

జాబితాలో నలభై రెండో పేరు రాశాను. ఎవరు రాశారు, ఎవరు తెచ్చారు, ఎందుకు రాయలేదు, అన్నీ రాశాను. నిన్ను అడగలేదు.

గుమ్మం దాకా వెళ్లి వచ్చానన్నావు. లోపలికి వెళ్లు. ఆయనకి ఇంకా ఏమీ తెలీదు. కెర్నెల్ నేనే చెయ్యలేకపోయానని అనుకుంటున్నారు, దానికి నన్నే ఓదార్చి మరీ జీపెక్కారు. నేను చెప్పను. నువ్వే చెప్పాలి.

పిడుగు


ఆసుపత్రి, మగవాళ్ల వార్డు, కిటికీ పక్క మంచం
ఆదివారం

కంప్యూటరమ్మకి,

ఇది మేస్త్రిని చెప్తున్నాను. రాస్తున్నది మీ వదినగారు. ఒక చెయ్యి కట్టులో ఉంది, ఇంకోదానికి కలం నిలవదు. చెప్పింది చెప్పినట్టు రాస్తానంటేనే మొదలుపెట్టాను. మధ్యలో సొంత మాట వేస్తే ఊరుకోను.

నాలుగో గేటు మీటకి లేచిందట. చాలా సంతోషం. అలాగని హ్యాండిల్ తీసి మూల పడేయించకు. నెలకోసారి గ్రీజు పెట్టించు. పళ్లచక్రం వెనక్కి తిరక్కుండా ఆపే పట్టు అరిగిపోయింది, అందుకే వెనక్కి తంతోంది. ఏడాదిగా మార్చమని చెప్తున్నాను, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది. నువ్వు కాగితం మీద పెట్టు, నీ మాటైతే వింటారేమో. మిషనన్నాక ఎప్పుడో ఒకరోజు అలుగుతుంది. ఆ రోజు తిప్పేవాడికి పట్టు కొత్తదుండాలి.

నిన్న ఈవిడ వచ్చి మంచం పక్కన నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. మొత్తం చెప్పింది. నాకు సగం అర్థం కాలేదు. అర్థమైన సగం చాలు. ఇన్నాళ్లూ నువ్వు నా ముందు తిట్టుకుంటూ వెతికింది ఈవిడ దగ్గరే ఉందని అర్థమైంది. నేను కూడా నీతోపాటు ఎవరెవరినో తిట్టాను, పాపం ఆ ఎమ్-ఫోర్ని కూడా.

ఎముక అతుకుతుందని డాక్టరు చెప్పాడు. పట్టు మాత్రం రాదట. ఇక గేట్ల మీదికి పంపరు. ఆఫీసులో కూర్చోబెడతారట, రిజిస్టరు ముందు. రిజిస్టరు రాయడానికైనా చెయ్యి కావాలి కదా. ఇక్కడ ఈవిడ కలం ఆగింది. రాయమన్నాను.

క్షమించమని అడిగింది. ఇప్పుడు కుదరదన్నాను. తరవాత సంగతి తెలీదన్నాను. నాకు చాలా కోపంగా ఉంది. రాయమ్మా, అది కూడా రాయి. ఏడుస్తోంది. ఏడుస్తోందని కూడా రాయమన్నాను, రాయనంది, అది నా మాట కాబట్టి రాసి తీరాలన్నాను.

నీ మీద నాకు ఏ కోపమూ లేదు. ఉంటుందేమోనని నువ్వు అన్నం మానేస్తావు, నీ సంగతి నాకు తెలుసు.

మా ఇంటిది అమ్మాయి పురిటికి వెళ్లింది. కంగారుపడుతుందని ఇంకా ఏమీ చెప్పలేదు. ఎల్లకాలం దాచలేను కదా, ఈ చెయ్యి ఎలా పోయిందో ఆమెకీ చెప్పాలి. అది ఫోనులో అయ్యే మాట కాదు. ఈవిడని రేపు పొద్దున కాగితాలు తీసుకుని రమ్మన్నాను, ఆ ఉత్తరం కూడా ఈవిడ చేతే రాయిస్తాను. ఈవిడ కలంలో సిరా ఎంతుందో చూసుకుంది. తరవాత, ఎన్నింటికి రమ్మంటారని అడిగింది.

గేటు మేస్త్రి